క్లస్టర్‌లో సాఫ్ట్‌వేర్ మాడ్యూల్స్: ఉన్న వెర్షన్‌ని కదిలించకుండా కొత్తది పెట్టడం ఎలా

మీ ప్రశ్న సారాంశం ఇది. హన్మకొండలో ఒక కాలేజీ క్లస్టర్. లాగిన్ నోడ్ ఒకటి, రెండు విడతల్లో కొన్న కంప్యూట్ నోడ్లు ఎనిమిది, వాటిలో రెండింటికి జీపీయూలు. ఆపరేటింగ్ సిస్టమ్ రాకీ లినక్స్ 8, జాబ్స్‌ని నోడ్లకు పంచేది స్లర్మ్. ఎంటెక్, పీహెచ్‌డీ కలిపి అరవై మంది దాకా వాడుతున్నారు. ఒకరు అడిగారని జీసీసీ కంపైలర్ 7.5 ఉన్న ఫోల్డర్‌లోనే 12.3 ఎక్కించారు. అప్పటి నుంచి సగం మంది జాబ్స్ పడిపోతున్నాయి, మిగతా సగం బాగానే నడుస్తున్నాయి. ఇంకోవైపు ఎవరికి వారు హోమ్ ఫోల్డర్‌లో కాండా (పైథాన్ ప్యాకేజీల మేనేజర్) పెట్టుకోవడంతో డిస్క్ నిండిపోతోంది. మాడ్యూల్స్‌ని, అంటే కావాల్సిన సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ని ఒక్క కమాండ్‌తో అందించే ఫైళ్లని, ఒక పద్ధతిలో పెట్టడం ఎలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: ఒకసారి ఇన్‌స్టాల్ చేసి మాడ్యూల్‌గా చూపించిన వెర్షన్‌ని మళ్లీ ముట్టుకోకండి. కొత్త వెర్షన్ కొత్త ఫోల్డర్‌లోకి, కొత్త మాడ్యూల్ ఫైల్‌తో రావాలి. పాతది ఉన్నచోటే ఉండాలి. కంపైలర్, ఎంపీఐ (ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైబ్రరీ), వాటితో కట్టిన లైబ్రరీలు ఒక సెట్‌గా ఉండాలి, ఆ సెట్లు ఒకదానితో ఒకటి కలవకుండా ఎల్‌మాడ్ అనే మాడ్యూల్ సిస్టమ్‌లోని హైరార్కీ (అంచెల అమరిక) చూసుకోవాలి. వాడేవాళ్లు జాబ్ స్క్రిప్ట్‌లో పూర్తి వెర్షన్ నంబర్ రాయాలి. కింద రాసినవన్నీ వీటికి కారణాలూ, జాగ్రత్తలూ.

ముందు పడిపోయిన జాబ్స్ సంగతి. సగమే పడిపోయాయంటే పడినవి దాదాపుగా ఫోర్ట్రాన్‌వి అయ్యుంటాయి. జీసీసీ సీ++ లైబ్రరీ వెనకటి వెర్షన్లతో పొసిగేలా ఉంటుంది. 7.5తో కంపైల్ చేసిన సీ++ ప్రోగ్రామ్ 12.3 లైబ్రరీతో నడుస్తుంది. ఫోర్ట్రాన్ రన్‌టైమ్ అలా కాదు. జీసీసీ 7లో అది లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.4, జీసీసీ 8 నుంచి లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.5. మీరు పాత ఫైళ్లు తీసేసి ఎక్కించి ఉంటే 4 పోయి ఉంటుంది. పడిన ఒక ప్రోగ్రామ్ మీద ఎల్‌డీడీ కమాండ్ (ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీల జాబితా చూపేది) నడిపి చూడండి, ఆ పేరు పక్కన నాట్ ఫౌండ్ అని వస్తుంది.

మళ్లీ కంపైల్ చేసుకోండి అని అందరికీ చెప్పడం పరిష్కారం కాదు. జీసీసీ 8లో ఫోర్ట్రాన్ డాట్ మాడ్ ఫైళ్ల (ఇవి ఫోర్ట్రాన్ సొంతవి, పైన చెప్పిన మాడ్యూల్ ఫైళ్లు కావు) ఫార్మాట్ మారింది. కాబట్టి 7.5తో కట్టిన నెట్‌సీడీఎఫ్ (వాతావరణ డేటా ఫైళ్ల లైబ్రరీ) మాడ్ ఫైల్‌ని 12.3 చదవదు, వేరే వెర్షన్ జీఫోర్ట్రాన్ తయారు చేసిందని చెప్పి ఆగిపోతుంది. పైగా జీసీసీ 10 నుంచి రెండు నిబంధనలు బిగిశాయి. ఫోర్ట్రాన్‌లో ఒకే సబ్‌రొటీన్‌ని వేర్వేరు టైప్ ఆర్గ్యుమెంట్లతో పిలిస్తే అంతకుముందు వార్నింగ్ వచ్చేది, ఇప్పుడు ఎర్రర్. మైనస్ ఎఫ్ అలౌ ఆర్గ్యుమెంట్ మిస్‌మ్యాచ్ అనే ఫ్లాగ్ ఇస్తే తప్ప పాత కోడ్ చాలావరకు కంపైల్ కాదు. సీలో హెడర్ ఫైల్‌లో గ్లోబల్ వేరియబుల్ డిక్లేర్ చేసేటప్పుడు ఎక్స్‌టర్న్ మరిచిపోతే లింక్ దగ్గర మల్టిపుల్ డెఫినిషన్ అని వస్తుంది. థీసిస్ గడువు దగ్గర్లో ఉన్న విద్యార్థి మీద ఈ పని మోపడం న్యాయం కాదు.

అందుకని 7.5.0ని వేరే ఫోల్డర్‌లో తిరిగి కట్టండి. సోర్స్ ఫోల్డర్ బయట ఒక బిల్డ్ ఫోల్డర్ చేసుకుని, కాంట్రిబ్‌లో ఉన్న డౌన్‌లోడ్ ప్రిరిక్విజిట్స్ స్క్రిప్ట్ నడిపి, భాషలు సీ, సీ++, ఫోర్ట్రాన్ మాత్రమే ఇచ్చి, మల్టీలిబ్, లిబ్‌శానిటైజర్ రెండూ డిసేబుల్ చేసి కట్టండి. పాత జీసీసీలో శానిటైజర్ భాగం కొత్త జీలిబ్‌సీ (సిస్టమ్ సీ లైబ్రరీ) హెడర్లతో తరచూ తగువు పెట్టుకుంటుంది, మీకు దాని అవసరం లేదు. ఆ 7.5.0 మాడ్యూల్ లోడ్ చేస్తే పడిపోయిన ప్రోగ్రాములు ఏ మార్పూ లేకుండా లేస్తాయి.

ఇక అసలు ఏర్పాటు.

సాఫ్ట్‌వేర్ అంతా ఎన్ఎఫ్ఎస్‌లో (నోడ్లన్నీ పంచుకునే డిస్క్) ఒకే చెట్టు కింద పెట్టండి: /షేర్/యాప్స్/పేరు/వెర్షన్. సాఫ్ట్‌వేర్ కట్టే ఒక్క నోడ్‌కి తప్ప మిగతా కంప్యూట్ నోడ్లకు దాన్ని రీడ్ ఓన్లీగా ఇవ్వండి. మాడ్యూల్ ఫైళ్లు వేరే చెట్టులో ఉంచి గిట్‌లో పెట్టండి, ఎవరు ఏ పాత్ ఎప్పుడు మార్చారో తెలుస్తుంది. డీఎన్ఎఫ్‌తో (రాకీ ప్యాకేజీ ఇన్‌స్టాలర్) లాగిన్ నోడ్ మీద లైబ్రరీలు పెట్టే అలవాటు ఉంటే మానండి. లాగిన్ నోడ్ మీద కంపైల్ అవుతుంది, కంప్యూట్ నోడ్ మీద ఆ లైబ్రరీ ఉండదు, జాబ్ మొదటి సెకనులోనే చచ్చిపోతుంది. వాడేవాళ్లకు కారణం అంతుపట్టదు.

రూట్‌గా బిల్డ్ చేయకండి. యాప్స్ అని ఒక మామూలు అకౌంట్ తెరిచి /షేర్/యాప్స్‌ని దాని పేరు మీద పెట్టండి. ప్రిఫిక్స్ ఇవ్వడం మరిచి మేక్ ఇన్‌స్టాల్ కొడితే రూట్‌కి అడ్డు ఉండదు, ఫైళ్లు నేరుగా /యూఎస్ఆర్/లోకల్‌లో పడతాయి. మామూలు అకౌంట్‌కి పర్మిషన్ డినైడ్ వచ్చి అక్కడే ఆగుతుంది.

మాడ్యూల్ సిస్టమ్ విషయానికి వస్తే, రాకీతో వచ్చే ఎన్విరాన్‌మెంట్ మాడ్యూల్స్ టీసీఎల్‌లో రాసినది. 1991లో జాన్ ఫుర్లానీ మొదలుపెట్టిన పనికి కొనసాగింపు, ఇప్పటికీ గట్టి సాఫ్ట్‌వేరే. అయినా మీ పరిస్థితికి ఎల్‌మాడ్ సూచిస్తాను. ఈపెల్ అనే అదనపు ప్యాకేజీల రిపాజిటరీలో ఉంది. టెక్సస్ అడ్వాన్స్‌డ్ కంప్యూటింగ్ సెంటర్‌లో రాబర్ట్ మెక్‌లే రాసింది, భాష లువా. మీ పాత టీసీఎల్ మాడ్యూల్ ఫైళ్లను కూడా చదువుతుంది కాబట్టి ఒక్క రోజులో అన్నీ తిరగరాయనక్కర్లేదు.

ఎల్‌మాడ్ వల్ల అసలు లాభం హైరార్కీ. మొదట కోర్ స్థాయిలో కంపైలర్లు మాత్రమే కనిపిస్తాయి. జీసీసీ/12.3.0 లోడ్ చేయగానే ఆ మాడ్యూల్ ఫైల్ మాడ్యూల్‌పాత్‌కి (మాడ్యూల్ ఫైళ్లు వెతికే ఫోల్డర్ల జాబితా) ఇంకో ఫోల్డర్ జోడిస్తుంది, అప్పుడు ఆ కంపైలర్‌తో కట్టినవే బయటపడతాయి. ఓపెన్‌ఎంపీఐ లోడ్ చేస్తే దానితో కట్టిన హెచ్‌డీఎఫ్5, నెట్‌సీడీఎఫ్, గ్రోమాక్స్ (అణువుల కదలికల సిమ్యులేషన్ ప్రోగ్రామ్) బయటపడతాయి. మధ్యలో కంపైలర్ మారిస్తే, దానికి తగిన జోడీ ఉన్న వాటిని ఎల్‌మాడే మార్చి లోడ్ చేస్తుంది, లేనివాటిని ఇనాక్టివ్ అని చూపిస్తుంది. అంటే ఇంటెల్‌తో కట్టిన నెట్‌సీడీఎఫ్‌ని జీఫోర్ట్రాన్‌తో లింక్ చేసే పొరపాటుకు దారే ఉండదు. కంపైలర్ మాడ్యూల్స్‌లో ఫ్యామిలీ కంపైలర్ అనీ, ఎంపీఐ మాడ్యూల్స్‌లో ఫ్యామిలీ ఎంపీఐ అనీ ఒక్కో లైన్ రాస్తే ఒకేసారి రెండు లోడ్ కావు.

దీని వల్ల వచ్చే ఫిర్యాదు ఒకటుంది: మాడ్యూల్ అవెయిల్ కొడితే నాది కనిపించడం లేదు అంటారు. మాడ్యూల్ స్పైడర్ నెట్‌సీడీఎఫ్ అని కొట్టమనండి. ఎక్కడుందో, దానికి ముందు ఏవి లోడ్ చేయాలో చెబుతుంది. కొత్తగా పెట్టింది స్పైడర్‌లో కూడా రాకపోతే క్యాష్ పాతబడి ఉంటుంది. ఇగ్నోర్ క్యాష్ ఆప్షన్‌తో ఒకసారి నడిపితే సంగతి తేలుతుంది.

ఎన్ని సెట్లు పెట్టాలి? అరవై మందికి రెండు చాలు: ప్రస్తుతం నడుస్తున్నది ఒకటి, దాని ముందుది ఒకటి. సెట్‌లో ఏ వెర్షన్లు కలపాలో మీరే తలబద్దలు కొట్టుకోవద్దు. ఘెంట్ యూనివర్సిటీలో పుట్టిన ఈజీబిల్డ్ అనే బిల్డ్ టూల్ వాళ్లు ఏడాదికి రెండుసార్లు ఫాస్ పేరుతో ఒక టూల్‌చెయిన్ (కలిసి నడిచే వెర్షన్ల సెట్) నిర్ణయిస్తారు. ఫాస్ 2023ఏలో జీసీసీ 12.3.0, ఓపెన్‌ఎంపీఐ 4.1.5, ఓపెన్‌బ్లాస్ 0.3.23, ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ 3.3.10 ఉన్నాయి. మీకు జీసీసీ 12.3 ఎలాగూ కావాలి కాబట్టి ఇది సరిగ్గా సరిపోతుంది. ఈ వెర్షన్లన్నీ కలిసి పనిచేస్తాయని చాలా క్లస్టర్లలో రుజువైంది.

కట్టడానికి ఈజీబిల్డ్ గానీ, లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ నుంచి వచ్చిన స్పాక్ గానీ వాడండి, చేత్తో కట్టడం తగ్గించండి. నా మొగ్గు స్పాక్ వైపు. కారణం, అది ప్రతి ప్రోగ్రామ్‌లోనూ తన లైబ్రరీల పాత్‌ని ఆర్‌పాత్‌గా లోపలే రాసేస్తుంది, నడిచేటప్పుడు ఎల్‌డీ లైబ్రరీ పాత్ (లైబ్రరీలు వెతికే ఫోల్డర్లు చెప్పే వేరియబుల్) మీద ఆధారపడదు. ఆ వేరియబుల్ ఎంత పెరిగితే అంత ప్రమాదం. మాడ్యూల్‌తో వచ్చిన ఓపెన్ఎస్ఎస్ఎల్ ఆ పాత్‌లో ముందు నిలబడితే సిస్టమ్ ఎస్ఎస్‌హెచ్, గిట్ కూడా వెర్షన్ మిస్‌మ్యాచ్ అంటూ మొరాయిస్తాయి. స్పాక్ ఉన్నదున్నట్టు వాడితే మాడ్యూల్ పేర్ల చివర హ్యాష్ అక్షరాలు తగిలిస్తుంది, డిపెండెన్సీలన్నింటికీ మాడ్యూల్స్ పుట్టిస్తుంది. మాడ్యూల్స్ డాట్ యామల్‌లో హ్యాష్ లెంగ్త్ సున్నా చేసి, ఎక్స్‌క్లూడ్ ఇంప్లిసిట్స్ ట్రూ పెట్టండి. అప్పుడు మీరు అడిగి పెట్టినవే జాబితాలో ఉంటాయి. స్పాక్ ఎన్విరాన్‌మెంట్ యామల్, లాక్ ఫైళ్లు రెండూ గిట్‌లోకి వెళ్లాలి.

కాలేజీ ప్రాక్సీ వెనక కంప్యూట్ నోడ్లకు ఇంటర్నెట్ ఉండదు. లాగిన్ నోడ్ మీద స్పాక్ ఫెచ్‌ని డిపెండెన్సీలతో సహా నడిపి సోర్సులు దింపుకోండి, తర్వాత కంప్యూట్ నోడ్ మీద ఇన్‌స్టాల్ చేయండి.

కంప్యూట్ నోడ్ మీదే ఎందుకు కట్టాలంటే, స్పాక్ అయినా ఈజీబిల్డ్ అయినా ఏమీ చెప్పకపోతే తాము నడుస్తున్న సీపీయూకి తగ్గట్టు కోడ్ తయారు చేస్తాయి. మీ నోడ్లు రెండు విడతల్లో కొన్నవి. కొత్త వాటిలో ఏవీఎక్స్-512 (కొన్ని సీపీయూల్లోనే ఉండే ఇన్‌స్ట్రక్షన్ల సెట్) ఉండి పాత వాటిలో లేకపోతే, కొత్త నోడ్ మీద కట్టింది పాత నోడ్ మీద ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని ఆగిపోతుంది. ఇందులో చిరాకు ఏమిటంటే స్లర్మ్ ఏ నోడ్ ఇస్తుందో దాన్ని బట్టి అదే జాబ్ ఒకరోజు నడుస్తుంది, ఇంకోరోజు నడవదు. విద్యార్థి తన కోడ్‌లోనే తప్పుందని రోజుల తరబడి వెతుక్కుంటాడు. అందుకే పాత నోడ్ మీద కట్టండి, లేదా టార్గెట్‌ని ఎక్స్86-64-వీ3 అని స్పష్టంగా ఇవ్వండి. జీసీసీ 11 నుంచి ఆ పేరు చెల్లుతుంది. కొత్త నోడ్ల మీద వేగం కొంత తగ్గొచ్చు. నిజంగా ఆ వేగం కావాల్సిన గ్రోమాక్స్ లాంటి ఒకటి రెండింటికి మాత్రం విడిగా రెండు బిల్డులు పెట్టండి.

ఎంపీఐ దగ్గర ఎక్కువగా కనబడే జబ్బు ఒకటి చెబుతాను, లక్షణం గుర్తుపడితే మందు తేలిక. 32 ప్రాసెస్‌లతో జాబ్ వేస్తారు, నడుస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు. కానీ వేగం పెరగదు, అవుట్‌పుట్‌లో ప్రతి లైనూ 32 సార్లు వస్తుంది. ర్యాంక్ ప్రింట్ చేయిస్తే ప్రతి ప్రాసెస్ నేను 0వ ర్యాంక్, మొత్తం 1 అంటుంది. అంటే ఒక పెద్ద జాబ్ బదులు 32 విడి జాబ్స్ ఒకే పని చేస్తూ ఒకే అవుట్‌పుట్ ఫైల్ మీద పడి రాస్తున్నాయి. కారణం రెండింట్లో ఒకటి. ఓపెన్‌ఎంపీఐతో కంపైల్ చేసి ఇంటెల్ ఎంపీఐ ఎంపీఐరన్‌తో లేపడం ఒకటి. ఓపెన్‌ఎంపీఐని స్లర్మ్‌కి, పీఎంఐఎక్స్‌కి (స్లర్మ్‌కీ ఎంపీఐకీ మధ్య వారధి) కలపకుండా కట్టి ఎస్‌రన్‌తో లేపడం రెండోది. విచ్ ఎంపీఐరన్ కొట్టి పాత్ చూస్తే మొదటిది తేలుతుంది. ఎస్‌రన్‌కి ఎంపీఐ లిస్ట్ ఆప్షన్ ఇస్తే పీఎంఐఎక్స్ ఉందో లేదో చెబుతుంది. ఓపెన్‌ఎంపీఐ కట్టేటప్పుడు విత్ స్లర్మ్, విత్ పీఎంఐఎక్స్ ఇవ్వండి, ఇన్ఫినిబ్యాండ్ నెట్‌వర్క్ ఉంటే దానికి తగిన యూసీఎక్స్ లైబ్రరీ కూడా.

గోదావరి పరివాహక వర్షపాతం మీద డబ్ల్యూఆర్ఎఫ్ (వాతావరణ మోడల్) నడిపేవాళ్లు మీ దగ్గర ఉన్నారని రాశారు. ఆ మాడ్యూల్ చాలామందికి తప్పుతుంది. హెచ్‌డీఎఫ్5, నెట్‌సీడీఎఫ్-సీ, నెట్‌సీడీఎఫ్-ఫోర్ట్రాన్, ఈ క్రమంలో మూడూ ఒకే కంపైలర్, ఒకే ఎంపీఐతో కట్టాలి. నెట్‌సీడీఎఫ్ 4.2 నుంచి ఫోర్ట్రాన్ భాగం విడి ప్యాకేజీ అయింది, స్పాక్ వాటిని వేర్వేరు ఫోల్డర్లలో పెడుతుంది. డబ్ల్యూఆర్ఎఫ్ మాత్రం నెట్‌సీడీఎఫ్ అనే ఒక్క వేరియబుల్ చూపించిన ఒకే ఫోల్డర్‌లో రెండింటి ఇన్‌క్లూడ్, లిబ్ ఉండాలని చూస్తుంది. కాబట్టి నెట్‌సీడీఎఫ్-జాయింట్ అని ఒక ఫోల్డర్ చేసి, రెండింటి ఇన్‌క్లూడ్, లిబ్, బిన్ ఫైళ్లకు సిమ్‌లింకులు పెట్టి, మాడ్యూల్ ఫైల్‌లో ఆ వేరియబుల్‌ని అక్కడికి తిప్పండి. సీమేక్‌తో కట్టినవి లిబ్ బదులు లిబ్64లో పడతాయి, వాటి లింకులు కూడా లిబ్‌లోకే తేవాలి. ఎన్‌సీ-కాన్ఫిగ్, ఎన్ఎఫ్-కాన్ఫిగ్ రెండింటినీ ఆల్ ఆప్షన్‌తో నడిపి, కంపైలర్ పేరు రెండింట్లోనూ ఒకటే వస్తోందో లేదో చూసుకోండి. నడిపేటప్పుడు సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తే లైబ్రరీలను అనుమానించే ముందు జాబ్ స్క్రిప్ట్‌లో స్టాక్ లిమిట్‌ని అన్‌లిమిటెడ్ చేసి చూడమనండి.

వాడేవాళ్లకు ఇచ్చే జాబ్ స్క్రిప్ట్ నమూనాలో ఈ మూడు లైన్లు తప్పకుండా ఉండాలి:

మాడ్యూల్ పర్జ్
మాడ్యూల్ లోడ్ జీసీసీ/12.3.0 ఓపెన్‌ఎంపీఐ/4.1.5 నెట్‌సీడీఎఫ్-జాయింట్/2023ఏ
మాడ్యూల్ లిస్ట్

పర్జ్ ఎందుకంటే, ఎస్‌బ్యాచ్ కొట్టిన టెర్మినల్‌లో ఏ మాడ్యూల్స్ లోడ్ అయి ఉంటే స్లర్మ్ మామూలుగా అవన్నీ జాబ్‌లోకి మోసుకుపోతుంది. నిన్న నడిచింది ఈ రోజు నడవకపోవడానికి సగం కారణం అదే. లిస్ట్ ఎందుకంటే, ఆరు నెలల తర్వాత రివ్యూయర్ అడిగినప్పుడు ఏ వెర్షన్‌తో ఫలితం వచ్చిందో అవుట్‌పుట్ ఫైల్‌లోనే ఉంటుంది. వెర్షన్ లేకుండా ఉత్త జీసీసీ అని రాస్తే, మీరు డిఫాల్ట్ మార్చిన రోజున వాళ్ల జాబ్ చెప్పాపెట్టకుండా మారిపోతుంది. బ్యాష్ ఆర్‌సీలో మాడ్యూల్ లోడ్ లైన్లు పెట్టొద్దని కూడా చెప్పండి. అవి ఏదైనా స్క్రీన్ మీద ప్రింట్ చేస్తే ఎస్‌సీపీ, ఎస్ఎఫ్‌టీపీ తెగిపోతాయి.

12.3తో కంపైల్ చేసి జాబ్‌లో ఆ మాడ్యూల్ లోడ్ చేయకపోతే జీలిబ్‌సీఎక్స్ఎక్స్ 3.4.30 నాట్ ఫౌండ్ అని వస్తుంది. రాకీ 8 సొంత సీ++ లైబ్రరీ 3.4.25 దగ్గరే ఆగుతుంది. ఈ మెసేజ్ చూసి సిస్టమ్ లైబ్రరీని మార్చడానికి పూనుకోకండి, మాడ్యూల్ లోడ్ చేస్తే చాలు.

కాండా విషయం. దాన్ని నిషేధిస్తే ఎవరూ వినరు, దారి చూపించాలి. మినీఫోర్జ్‌ని (కాండా ఇన్‌స్టాలర్) మీరే ఒక మాడ్యూల్‌గా పెట్టండి, బేస్‌లో ఎవరూ రాయకుండా రీడ్ ఓన్లీగా ఉంచండి. కాండా-ఫోర్జ్ నుంచే తెస్తుంది కాబట్టి అనకొండ డిఫాల్ట్ ఛానల్ లైసెన్స్ షరతుల బెడద ఉండదు. ఎన్విరాన్‌మెంట్లు, ప్యాకేజీ క్యాష్ హోమ్‌లో కాకుండా స్క్రాచ్‌లో (తాత్కాలిక డిస్క్) పడేలా సెట్టింగ్ ఇవ్వండి. డిస్క్ నిండిందంటే జీబీలు మాత్రమే చూడకండి, డీఎఫ్‌కి ఐ ఆప్షన్ ఇచ్చి ఐనోడ్లు (ఎన్ని ఫైళ్లున్నాయనే లెక్క) కూడా చూడండి. కాండా ఎన్విరాన్‌మెంట్‌లో పదివేల లెక్కన చిన్న ఫైళ్లుంటాయి, ఎన్ఎఫ్ఎస్‌ని నెమ్మది చేసేది అవే. ఇక మారని ఎన్విరాన్‌మెంట్‌ని యాప్‌టైనర్ అనే కంటైనర్ టూల్ ఇమేజ్‌గా చేస్తే అదంతా ఒక్క ఫైల్ అవుతుంది. కాండా ఇనిట్ బ్యాష్ ఆర్‌సీలో రాసే లైన్లు ప్రతి లాగిన్‌లోనూ బేస్‌ని లేపుతాయి, దాని లోపలి కంపైలర్లూ లైబ్రరీలూ మీ మాడ్యూల్స్ ముందు నిలబడతాయి. ఆటో యాక్టివేట్ బేస్‌ని ఫాల్స్ చేయించండి.

పైథాన్‌లో దాగి ఉండే గొడవ హోమ్‌లోని డాట్ లోకల్ ఫోల్డర్. పిప్ యూజర్ ఆప్షన్‌తో పెట్టినవి అక్కడ చేరి, అదే పైథాన్ వెర్షన్ ఉన్న ప్రతి కాండా ఎన్విరాన్‌మెంట్‌లోకీ చొరబడతాయి. పైథాన్ నో యూజర్ సైట్ వేరియబుల్‌ని 1 చేస్తే అవి కనిపించవు. పైథాన్ మాడ్యూల్ ఫైల్‌లోనే ఆ లైన్ పెట్టడం మేలు. ఎంపీఐ4పై (పైథాన్‌లో ఎంపీఐ వాడే ప్యాకేజీ) కాండా నుంచి తెచ్చుకుంటే దానితోపాటు వేరే ఎంపీఐ దిగుతుంది, పైన చెప్పిన సున్నా ర్యాంక్ జబ్బు మళ్లీ మొదలవుతుంది. ఓపెన్‌ఎంపీఐ మాడ్యూల్ లోడ్ చేసి, వెన్వ్‌లో (పైథాన్ విడి ఎన్విరాన్‌మెంట్) పిప్‌తో, బైనరీ వద్దనే ఆప్షన్ ఇచ్చి సోర్స్ నుంచి కట్టమనండి.

జీపీయూ నోడ్లలో పైటార్చ్ (మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ) వాడేవాళ్లకు కూడా మాడ్యూల్ లోడ్‌ల పొడుగు జాబితా అవసరం లేదు. పిప్ పైటార్చ్ తన కుడా (ఎన్‌విడియా జీపీయూ సాఫ్ట్‌వేర్) రన్‌టైమ్ తనే తెచ్చుకుంటుంది, నోడ్ మీద ఉండాల్సింది తగిన డ్రైవర్. కుడా 12 కుటుంబానికి 525.60.13 లేదా ఆపై డ్రైవర్ కావాలి. ఎన్‌విడియా-ఎస్ఎంఐ పైన చూపించే కుడా నంబర్ ఆ డ్రైవర్ గరిష్ఠంగా ఎంతవరకు మోయగలదో చెబుతుంది, ఇన్‌స్టాల్ అయిన టూల్‌కిట్ వెర్షన్ కాదు. పైటార్చ్‌తోపాటు కుడా మాడ్యూల్ కూడా లోడ్ చేస్తే కొన్నిసార్లు వేరే సీయూడీఎన్ఎన్ (ఎన్‌విడియా న్యూరల్ నెట్‌వర్క్ లైబ్రరీ) ముందు దొరికి గందరగోళం అవుతుంది. సొంతంగా కుడా కోడ్ కంపైల్ చేసేవాళ్లకే ఆ మాడ్యూల్.

లైసెన్స్ ఉన్నవి, ఉదాహరణకు వాస్ప్ (పదార్థాల సిమ్యులేషన్ ప్రోగ్రామ్), ఒక గ్రూప్‌కే అందేలా ఫోల్డర్‌కి 750 పర్మిషన్ ఇచ్చి యూనిక్స్ గ్రూప్ కట్టండి. మాడ్యూల్ పేరు కనిపించకపోవడం భద్రత కాదు.

మన దగ్గర ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చినప్పుడు ఇంకో సమస్య వస్తుంది. నోడ్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఎన్ఎఫ్ఎస్ సర్వర్ ఇంకా డిస్కులు సరిచూసుకుంటూ ఉంటుంది. /షేర్ మౌంట్ కాకుండానే స్లర్మ్‌డీ (నోడ్ మీద నడిచే స్లర్మ్ సర్వీస్) లేచి నేను సిద్ధం అంటుంది, క్యూలో ఉన్న జాబ్స్ అన్నీ ఆ నోడ్ మీదకు వెళ్లి మాడ్యూల్ దొరకలేదని వరసగా చస్తాయి. ఒక్క చెడ్డ నోడ్ నిమిషాల్లో క్యూ మొత్తం ఖాళీ చేసేస్తుంది. స్లర్మ్‌డీ సర్వీస్ ఫైల్‌కి రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ /షేర్/యాప్స్ అనే లైన్ జోడించండి, మౌంట్ అయ్యేదాకా స్లర్మ్‌డీ లేవదు. స్లర్మ్ హెల్త్ చెక్ ప్రోగ్రామ్‌లో కూడా ఏదో ఒక మాడ్యూల్ ఫైల్ చదవగలుగుతున్నామా అని చూసి, లేకపోతే నోడ్‌ని డ్రెయిన్ చేయించండి, అంటే దాని మీదకు కొత్త జాబ్స్ రాకుండా ఆపించండి.

చివరగా పాతవి తీసేయడం. కొత్త సెట్ ఎప్పుడైనా పెట్టొచ్చు, డిఫాల్ట్ మాత్రం సెమిస్టర్ల మధ్య సెలవుల్లోనే మార్చండి. మార్చే ముందు ప్రతి నోడ్ మీదా ఎల్‌డీడీ, రెండు నోడ్ల మధ్య ఒక ఎంపీఐ జాబ్ నడిపి చూడండి. తీసేయాల్సిన వెర్షన్‌కి ఎల్‌మాడ్ అడ్మిన్ లిస్ట్‌లో ఒక హెచ్చరిక రాస్తే, లోడ్ చేసిన ప్రతిసారీ వాడేవాళ్లకు కనిపిస్తుంది. తర్వాతి సెమిస్టర్‌లో హైడ్ వెర్షన్‌తో జాబితా నుంచి దాచండి, పూర్తి పేరుతో లోడ్ చేసేవాళ్లకు అప్పటికీ దొరుకుతుంది. సైట్ ప్యాకేజీ లువా ఫైల్‌లో లోడ్ హుక్ పెట్టి ఎవరు ఏ మాడ్యూల్ లోడ్ చేశారో సిస్‌లాగ్‌కి రాయించండి. ఒక విద్యాసంవత్సరం మొత్తం ఎవరూ తాకనిది ఆ లాగ్‌లో తేలాకే ఫోల్డర్ తుడిచేయండి. వెన్వ్‌లు కట్టుకున్న పైథాన్ వెర్షన్ల విషయంలో మాత్రం లాగ్‌ని పూర్తిగా నమ్మకండి. వెన్వ్ లోపలి పైథాన్ మీ ఫోల్డర్‌కి సిమ్‌లింక్, అందుకే మాడ్యూల్ లోడ్ చేయకుండానే దాన్ని నడిపేవాళ్లు ఉంటారు. తుడిచే ముందు ఫోల్డర్ పేరు మార్చి రెండు వారాలు ఆగండి. ఎవరైనా ఫోన్ చేస్తే పేరు తిరిగి మార్చేస్తే సరిపోతుంది.